భవిష్యత్తు పై అరలో

"నా సైఫైని యూనివర్సిటీకి ఇచ్చేస్తున్నాన్రా" అన్నాడు ఆచార్యుడు ఫోన్లో.

సైఫై అంటే ఆచార్యుడి భాషలో ఆయన జీవితమంతా కూడబెట్టిన సైన్స్ ఫిక్షన్ పుస్తకాలు. ఫోనుకు అవతల ఉన్నది ఆయన బావమరిది. సభలకూ సమావేశాలకూ మైకుసెట్లు అద్దెకివ్వడం అతని వ్యాపారం. లౌడ్‌స్పీకర్ల పక్కన నిలబడీ నిలబడీ, ఊరందరికీ వినిపించిన మనిషికి చివరికి తనకే వినిపించడం మానేసింది. చుట్టాలంతా అతన్ని మైకు అనే పిలుస్తారు. నిజానికి మైకుకు వినడమే పని. ఈ మైకుకు అదొక్కటే చేతకాదు.

ఆ చెవిలో సైఫై కాస్తా వైఫై, వైఫై కాస్తా వైఫ్ అయి కూర్చుంది.

"ఇ...ఇచ్చేస్తున్నావా బావా?"

"మరేం చెయ్యమంటావ్? పాతబడిపోయింది. వెన్ను వదులైపోయింది, ముట్టుకుంటే పొడి రాలుతోంది. పూర్తిగా పాడైపోకముందే ఇచ్చేస్తే కుర్రాళ్ళు చదువుకోడానికైనా పనికొస్తుంది."

"అక్క ఒప్పుకుందా?"

"ఒప్పుకోవడమేంట్రా, ముందు ఆ మాట అన్నదే మీ అక్క! నవ్వుతూ సాక్షి సంతకం కూడా పెట్టింది."

అవతల ముక్కు చీదిన చప్పుడు. "అక్కది చిన్నప్పట్నుంచీ పెద్ద మనసు బావా" అంటూ ఫోను పెట్టేశాడు మైకు.

వీడికి పుస్తకాల మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అని ఆచార్యుడు చాలాసేపు ముచ్చటపడ్డాడు. అక్క తన దేహాన్ని వైద్యవిద్యార్థుల కోసం రాసిచ్చేసిందనీ, అంటే ఆమెకేదో పెద్ద జబ్బే చేసి ఉంటుందనీ, అడిగి ఆమెను బాధపెట్టకూడదనీ మైకు తీర్మానించుకున్నాడని ఆయనకేం తెలుసు? అక్కను అడక్కూడదనుకున్నాడు గానీ, ఊరికి చెప్పకూడదనుకోలేదు. అనుకుంటే మైకెందుకవుతాడు!

ఆచార్యుడు యూనివర్సిటీలో సాహిత్యం చెప్పి రిటైరైన మనిషి. ఇంకా రాని కాలం గురించి రాసిన కథల మీదే ఆయన పరిశోధన అంతా. భార్య పళ్ళ డాక్టరు. ఈయన నోరు తెరిస్తే పుస్తకాలు, ఆవిడ నోరు తెరిపిస్తే పళ్ళు. పెళ్ళైన కొత్తలో "మనది నోటి మాట మీద కుదిరిన సంబంధం" అన్నాడట. ఆ జోకు ఆవిడకు ఇప్పటికీ పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది.

ఇంట్లో ఒక గది గోడంతా నేల నుంచి కప్పు దాకా అరలే. పుస్తకాలను ఎవరైనా రచయిత పేరు వరసలో పెడతారు. ఆచార్యుడు మాత్రం కథ ఏ సంవత్సరంలో జరుగుతుందో ఆ వరసలో పెట్టాడు. చిరిగిన ప్రతి పుస్తకానికీ తనే నీలం గుడ్డతో బైండు చేసి, వెన్ను మీద తెల్లచీటీ అంటించి, కథ జరిగే ఏడు దాని మీద అందంగా రాసేవాడు. బైండింగులో ఆయనది పెద్ద చెయ్యి కాదు గానీ జిగురు దగ్గర మాత్రం ఎముక లేని చెయ్యి. మొదటి పుటను అట్టకు అతికించిపారేసేవాడు. పుస్తకం ఎప్పుడు అచ్చయిందో ఆ పుట మీదే ఉంటుంది కదండీ అని భార్య అడిగితే, "ఎప్పుడు అచ్చయితే ఏం? ఎప్పుడు అచ్చంగా జరుగుతుందన్నదే ప్రశ్న" అనేవాడు.

కింది అరలు భూతం. పై అరలు భవిష్యత్తు. వర్తమానానికి అర లేదు. అదంతా బల్ల మీద చిందరవందరగా పడి ఉండేది.

కొత్త సంవత్సరం పొద్దున, టీ కూడా తాగకుండా, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఆ గదిలో చేరేవారు. ఏ కథ జరగాల్సిన ఏడు వచ్చేసిందో ఆ పుస్తకాన్ని ఆచార్యుడు స్టూలెక్కి పై అరలోంచి దింపేవాడు. అది ఏం వస్తుందని మాటిచ్చిందో చదివేవాడు. డాక్టరమ్మ కిటికీలోంచి వీధిలోకి ఒకసారి చూసి "రాలేదు" అని తీర్పు చెప్పేది. అప్పుడది కింది అరలోకి దిగేది. "ఇదీ కాలం చేసింది" అనేది ఆవిడ.

అక్కడితో అయిపోదు. ఆ ఇంటికొక నియమం ఉంది. రాని యంత్రం పని ఆ ఏడాదంతా ఆచార్యుడే చెయ్యాలి. వస్తుందని నమ్మింది ఆయనే కదా! గిన్నెలు తోమే మరమనిషి రాలేదని ఒక ఏడు గిన్నెలు తోమాడు. మనిషి వెంట తనంతట తనే ఎగిరే గొడుగు రాలేదని ఇంకో ఏడు వానాకాలమంతా భార్య నెత్తిన గొడుగు పట్టుకుని తను తడిసి ముద్దయ్యాడు. ఎగిరే కార్లు రాని ఏడు మాత్రం "నిన్ను మోసుకుని ఎగరమంటావా?" అని మొండికేశాడు. "ఎగరక్కర్లేదు, రోజూ క్లినిక్ దాకా నడిచి దింపండి చాలు" అందావిడ. ఆ ఏడు గడిచిపోయినా ఆ నడక ఆగలేదు.

కిందటి కొత్త సంవత్సరం పొద్దున స్టూలు ఒక పక్కకు ఒరిగింది. ఆచార్యుడు పై అర పట్టుకుని గబ్బిలంలా వేలాడాడు. ఆవిడ కాళ్ళు పట్టుకుని దింపింది.

"కాళ్ళు పట్టుకున్నావు గనక క్షమించాను" అన్నాడు నేల మీదికి రాగానే.

ఆవిడకు నవ్వు రాలేదు. "ఇంకో ఏడు ఇలా ఎక్కారంటే పోయేది పుస్తకం కాదు, మీరు. ఈ స్టూలైనా ఉండాలి, నేనైనా ఉండాలి. అవన్నీ యూనివర్సిటీకి ఇచ్చెయ్యండి."

అలా కుదిరింది దానం.

పుస్తకాలు తీసుకెళ్ళే వ్యాను రాక ముందే ఊళ్ళో ఏదో మార్పు కనిపించింది. మందుల షాపాయన ఆచార్యుడి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"విన్నాను సార్. ధైర్యంగా ఉండాలి."

"ఉండక తప్పుతుందా? ఈ వారంలోనే వ్యాను వస్తుందన్నారు."

"ఈ వారమే! అంత దగ్గరికొచ్చేసిందా?"

"అట్టపెట్టెలు కూడా తెప్పించాను. ఎంత సర్దినా ఒకదాంట్లో పట్టేట్టు లేదు."

షాపాయన చేతిలోని మాత్రల డబ్బా కిందపడింది. ఈయనకు చదువు మీద ఎంత గౌరవమో అనుకుంటూ ఆచార్యుడు మాత్రలు ఏరిపెట్టి వచ్చాడు.

అటు క్లినిక్‌లో డాక్టరమ్మ పరిస్థితీ అంతే. "పన్ను పీకాక ఏడ్చేవాళ్ళని చూశాను గానీ, నన్ను చూడగానే ఏడుస్తున్నారేంటండీ?" అంది ఆ సాయంత్రం నడుస్తూ. "మైకు రోజూ వచ్చి పళ్ళు బాగున్నా కుర్చీలో కూర్చుని నా మొహమే చూసి వెళ్తున్నాడు. అందరూ నన్నెందుకో ముద్దు చేస్తున్నారు."

"ముద్దుగా ఉన్నావు గనక."

"మీరు కూడా మొదలెట్టారా?" అందావిడ. అయినా చేతిసంచీ ఆయన చేతికిచ్చి కాస్త దగ్గరగా నడిచింది.

వ్యాను వచ్చింది, పెట్టెలు వెళ్ళాయి, గోడ బోసిపోయింది. పై అరలను చూసి ఆచార్యుడు "మనకిక భవిష్యత్తు లేదు" అన్నాడు. జోకే. కానీ ఆ గది తలుపు ఆ రోజు నుంచి ఆయనే దగ్గరకి వేసి ఉంచేవాడు.

కొన్నాళ్ళకు లైబ్రరీ నుంచి ఫోనొచ్చింది. చేసింది లైబ్రేరియన్. ఆవిడ కుర్చీ వెనక గోడకు 'నిశ్శబ్దం' అన్న బోర్డు ఉంటుంది. విద్యార్థులు ఆవిడను కూడా నిశ్శబ్దం మేడమ్ అనే అంటారు. ఆ బోర్డుకూ ఆవిడకూ తేడా ఒక్కటే, బోర్డుకు కళ్ళద్దాలుండవు. అలాంటి మనిషి ఫోను చేసి "సార్, ఒకసారి రాగలరా? మీతో మాట్లాడాలి" అందంటే చిన్న సంగతి కాదు. భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు.

కొత్త పుస్తకాలు నమోదుచేసే వెనక గదిలోకి తీసుకెళ్ళిందావిడ. జిగురు వాసన, తడి స్పాంజి, రబ్బరు స్టాంపులు. రెండు తోపుడు బళ్ళ నిండా నీలం బైండు పుస్తకాలు. ఒక బండిలోని పుస్తకాలకు అంటించడానికి లైబ్రరీ చీటీలు నీటుగా సిద్ధంగా ఉన్నాయి. రెండో బండికి మాత్రం ఒక అట్టముక్క వేలాడుతోంది. దాని మీద 'పుట్టని పుస్తకాలు' అని రాసి ఉంది.

"మీకు జోకులిష్టమని తెలుసు సార్" అంది లైబ్రేరియన్. గొంతులో కోపం కన్నా నొప్పి ఎక్కువుంది. "కానీ మా వాళ్ళు రోజుల తరబడి కూర్చుని ఎక్కించారు. ఇది చూడండి."

కంప్యూటరు తెర ఆయన వైపు తిప్పింది. తిరిగి బైండు చేసిన పుస్తకంలో అచ్చయిన ఏడు దొరక్కపోతే, ఇచ్చినవాళ్ళు వెన్ను మీద రాసిన ఏడునే ప్రమాణంగా తీసుకోవడం ఆ లైబ్రరీలో పద్ధతి. ఇచ్చింది సాక్షాత్తూ ఆచార్యుడు, రాసింది ముత్యాల్లాంటి అక్షరాలు. అనుమానించాల్సిన పనేముంది? కింది అరల పుస్తకాలన్నిటినీ కంప్యూటరు బుద్ధిగా మింగింది. పై అరల పుస్తకాల దగ్గరికొచ్చేసరికి దానికి గొంతు పట్టేసింది. ఇంకా రాని ఏట్లో అచ్చయిన పుస్తకాన్ని అది ఎలా ఒప్పుకుంటుంది?

"పుట్టని బిడ్డకి పుట్టినరోజు రాయనంటోంది సార్. నమోదు కాని పుస్తకాన్ని ఉంచుకోడానికి మాకు వీల్లేదు. సగం మీ ఇంటికి తిప్పి పంపాలి."

ఆచార్యుడు ముందు పడీపడీ నవ్వాడు. "అది అచ్చయిన ఏడు కాదమ్మా, కథ జరిగే ఏడు!"

లైబ్రేరియన్ మొదటి బండి వైపు తిరిగింది. "అయితే... అవి కూడానా?"

"అవన్నీ భూతం."

"దయ్యాల కథలా?"

"కాదమ్మా, గడిచిపోయిన ఏళ్ళు."

ఆవిడ స్టూలు మీద కూలబడింది. అన్నీ మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. అతికించిన మొదటి పుటలను ఆవిరి పట్టి విడదియ్యాలి. కాసేపటికి తేరుకుని, పనిమంతురాలు గనక పని దారిలో పడింది. "సరే సార్, దేన్నీ తిప్పి పంపను. అన్నీ సరిచేస్తాం. కానీ మీ చీటీలు పీకెయ్యాలి, లేకపోతే చదివేవాళ్ళూ మాలాగే పొరబడతారు. తర్వాత రచయిత పేరు వరసలో అరల్లో కలిపేస్తాం. మీరు ఊఁ అనాలి."

ఆచార్యుడు బండి మీద చెయ్యి వేశాడు. చీటీలు పోతే పై అరా ఉండదు, కింది అరా ఉండదు. జరిగిందీ జరగబోయేదీ పక్కపక్కన అక్షరక్రమంలో నిలబడతాయి. దించడానికి ఏమీ ఉండదు. కొత్త సంవత్సరం పొద్దున కూడా మామూలు పొద్దుటే అయిపోతుంది. పుస్తకాలు ఇచ్చెయ్యడానికి ఆయన మనసు గట్టి చేసుకున్నాడు. ఆ పొద్దునను కూడా పెట్టెలో పెట్టి పంపేశానని ఇప్పుడే తెలిసింది.

"ఇచ్చేశాక మీవే కదమ్మా. పీకెయ్యండి" అన్నాడు.

డాక్టరమ్మ తలెత్తి ఆయన వైపు చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషి నోట ఇంత చప్పటి వాక్యం ఆవిడ ఎప్పుడూ వినలేదు. ఇందులో ఒక్క విరుపు లేదు. ఎక్కడో నొప్పి ఉంది.

"ఆగండమ్మా" అందావిడ లైబ్రేరియన్‌తో. "పీకడం నా వృత్తి. అయినా పీకేముందు ఎప్పుడూ నిలుపుకునే దారుందేమో చూస్తాను. అడ్డొచ్చిందని ప్రతిదీ పీకేస్తే ఊళ్ళో నవ్వేవాళ్ళు మిగలరు."

"ఇంటి గుట్టు ఎందుకే..." అని ఆచార్యుడు గొణిగాడు.

"మీరు నోరు మూసుకోండి. ఇన్నాళ్ళూ అందరి నోళ్ళూ తెరిపించాను, ఇవాళ నా నోరు తెరుస్తాను."

చెప్పేసింది. స్టూలు సంగతి, కిటికీ తీర్పులు, గిన్నెలు, గొడుగు, క్లినిక్ దాకా నడక, అన్నీ. "ఇచ్చెయ్యమన్నది నేనే. ఆయన పడిపోతారని భయపడ్డాను గానీ, మాకు ఏడాది మొదలయ్యేదే ఆ గోడ దగ్గర అని మర్చిపోయాను."

నిశ్శబ్దం మేడమ్ నిశ్శబ్దంగా లేచి మొదటి బండి దగ్గరికెళ్ళింది. "వీటిలో గొడుగు ఏడు ఏది?"

డాక్టరమ్మ చూపించింది. లైబ్రేరియన్ అది తీసి వెన్ను నిమిరింది, ఆచార్యుణ్ణి కింద నుంచి పైదాకా చూసింది, తడిసి ముద్దైన మనిషిని ఊహించుకుందేమో, ఫక్కున నవ్వింది. పక్క గదిలో పనిచేసేవాళ్ళు ఏం కూలిందోనని పరిగెత్తుకొచ్చారు.

"కంప్యూటర్లో మా వరస, గోడ మీద మీ వరస" అందావిడ వాళ్ళను పంపేశాక. "మా చీటీ పైన వేస్తాం, మీది కింద అలాగే ఉంటుంది. అది ఏ ఏడో చెప్పే పలక ఒకటి అరకు కొడదాం. ఎవరూ పొరబడరు. గది చివర ఒక గోడ ఖాళీగానే ఉంది. ఒక్క షరతు. దింపే పని మీరిద్దరే చెయ్యాలి. మా వాళ్ళకిస్తే రచయిత పేరు చూడకుండా చెయ్యి ఆడదు. కొత్త సంవత్సరం పొద్దున తాళం నేను తెస్తాను."

"స్టూలు?" అంది డాక్టరమ్మ వెంటనే.

"స్టూలు కాదు, పట్టుకోడానికి కడ్డీ ఉన్న నిచ్చెన."

"అయితే ఎక్కేది నేను."

ఆచార్యుడికి పోయిన ప్రాణం, దానితోపాటు పోయిన శ్లేష కూడా లేచొచ్చాయి. "ఇన్నాళ్ళూ నిన్ను నిశ్శబ్దం అనుకున్నానమ్మా. ఇవాళ నీ శబ్దం విన్నాను" అన్నాడు.

కొత్త సంవత్సరం పొద్దునే ఆ గోడను ప్రారంభించాలని నిర్ణయించారు. నలుగురొస్తే చాలనుకున్నారు. తీరా వెళ్తే రీడింగు హాలు కిటకిటలాడుతోంది. చుట్టాలు, పేషెంట్లు, మందుల షాపాయన, అందరూ పూలతో, ఎర్రబడ్డ కళ్ళతో ఉన్నారు. పుస్తకాల మీద జనానికి ఇంత అభిమానమా అని లైబ్రేరియన్ చలించిపోయింది. 'నిశ్శబ్దం' బోర్డు కిందే మైకు తన మైకుసెట్టు బిగించాడు. అక్క కోసం ఉచితం, వద్దంటే ఏడుస్తాడని ఊరుకున్నారు.

డాక్టరమ్మ నిచ్చెనెక్కి ఆ ఏటి పుస్తకం దించి ఆచార్యుడికి అందించింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

"'ఆ సంవత్సరం నుంచి ప్రతి మనిషి చెవిలోనూ గింజంత యంత్రం ఉంటుంది. ఎవరి మాటా ఎవరూ పొరపాటుగా వినరు.'"

ఆవిడ నిచ్చెన మీద నుంచే కిటికీలోంచి చూసింది. నోరు తెరిచే లోపల స్పీకర్లు ఒక్కసారి గొంతు సవరించుకున్నాయి.

"మా అక్క త్యాగమూర్తి!" మైకులో మైకు బావురుమన్నాడు. "బతికుండగానే తన దేహాన్ని ఈ యూనివర్సిటీకి రాసిచ్చేసింది! జబ్బుని పంటి బిగువున దాచుకుని, అదిగో, నిచ్చెన కూడా ఎక్కుతోంది!"

హాలంతా ముక్కులు చీదింది.

"ఎవరి దేహంరా?" అంది త్యాగమూర్తి నిచ్చెన మీద నుంచి.

"నీదే అక్కా! బావ ఫోన్లో చెప్పాడుగా, నా వైఫ్‌ని యూనివర్సిటీకి ఇచ్చేస్తున్నానని!"

ఆచార్యుడి నోరు తెరుచుకుంది, పళ్ళ డాక్టరు భార్యగా ఉన్న ఏ మొగుడి నోరూ తెరుచుకోనంత. డాక్టరమ్మ మైకును చూసింది, మొగుణ్ణి చూసింది, ఆయన చేతిలో పుస్తకాన్ని చూసింది. రోజూ కుర్చీలో కూర్చుని తన మొహం చూసి వెళ్ళిన తమ్ముడు గుర్తొచ్చి, కోప్పడబోయి మానేసింది.

"యంత్రం రాలేదు" అని తీర్పు చెప్పింది. "నియమం తెలుసుగా. రాని యంత్రం పని మీదే. అందరికీ సరిగ్గా వినపడేట్టు చెప్పండి."

ఆచార్యుడు మైకు చేతిలోంచి మైకు అందుకున్నాడు.

"నేను ఇచ్చింది సైఫైని. సై-ఫై. ఈ గోడకున్న పుస్తకాలు. ఒరేయ్ బావమరిదీ, వెన్ను వదులైంది పుస్తకాలకి. పొడి రాలింది పుస్తకాల్లోంచి. కుర్రాళ్ళు చదువుకునేది పుస్తకాలని. మీ అక్క గుండ్రాయిలా ఉంది, ఆ నిచ్చెననడుగు."

వెనక నుంచి మందుల షాపాయన చెయ్యెత్తాడు. "మరి ఒకదాంట్లో పట్టేట్టు లేదన్న ఆ అట్టపెట్టె సార్?"

"అదీ పుస్తకాలకేనండీ!"

హాలు ఒక్కసారి గొల్లుమంది. నిశ్శబ్దం మేడమ్ తన బోర్డు కిందే పొట్ట పట్టుకుంది. మైకు మాత్రం చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అయోమయంగా చూస్తున్నాడు.

"అయితే బావా, అక్కని ఎవరికిచ్చినట్టు?"

ఆచార్యుడు మైకు పక్కన పెట్టి, నిచ్చెన దిగుతున్న భార్యకు చెయ్యందించి, బావమరిది చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పాడు.

"ఎవరికీ ఇవ్వలేదురా! మా ఇంట్లోనే ఉంటుంది!"